నగకు ఫోటో తీస్తే గది పడుతుంది

సికింద్రాబాద్ పాట్ మార్కెట్‌లో, జనరల్ బజార్‌లో నగల బేరం ఈమధ్య చాలాసార్లు ఫోన్‌లోనే మొదలవుతోంది. కొత్త హారం తయారై రాగానే కౌంటరు మీదున్న మఖ్మల్ బొమ్మ మెడలో వేసి, ఒక ఫోటో తీసి, వాట్సాప్‌లో పంపుతారు. అటునుంచి వచ్చే జవాబు కూడా అలవాటైనదే: "ఇదేంటండీ, ఇత్తడిలా ఉంది?" నగలో లోపం లేదు. చాలావరకు ఫోన్‌లోనూ లేదు. లోపం పైకప్పులో ఉంది, ఎదుటి గోడలో ఉంది, ఫోటో తీసినాయన వేసుకున్న చొక్కాలో ఉంది.

మామిడిపండుకో, మనిషి ముఖానికో ఫోటో తీయడం తేలిక. వాటి మీద పడ్డ కాంతి నాలుగు దిక్కులకూ చెదిరిపోతుంది. దీపం ఎక్కడున్నా కొంత వెలుగు కెమెరాకు చేరుతుంది, ఆ వెలుగులో వస్తువు రంగు తెలుస్తుంది. మెరుగుపెట్టిన బంగారం ఇలా చెదరగొట్టదు. కిరణం ఏ కోణంలో వచ్చి తగిలిందో అదే కోణంలో అటు తిప్పి కొడుతుంది. కాబట్టి హారం మీద ఒక చోట వెలుగు కనిపించిందంటే, సరిగ్గా ఆ కోణంలో ఎదురుగా ఒక దీపం ఉందని అర్థం. నల్లగా కనిపించిందంటే అక్కడ దీపం లేదు, చీకటి మూలో, ఫోన్ వెనకభాగమో ఉంది. కావాలంటే వంటింట్లోంచి ఒక స్టీలు గరిటె తెచ్చి, బోర్లా తిప్పి ట్యూబులైటు కింద పట్టుకుని చూడండి. గరిటె రంగేమిటో చెప్పలేరు. ట్యూబులైటు, కిటికీ, మీ ముఖం, వీటన్నిటి మధ్య గరిటె తనకంటూ చూపించుకునేది అంచు ఒక్కటే.

కాసులపేరు దగ్గర ఈ సంగతి బాగా బయటపడుతుంది. ప్రతి కాసు మీదా లక్ష్మీదేవి ఉబ్బుగా ఉంటుంది, చుట్టూ నున్నటి బల్లపరుపు. బల్ల మీద పేరును ఎంత జాగ్రత్తగా పరిచినా ఒక కాసు ఇటు, ఒక కాసు అటు వాలుతుంది. ఒక్కో కాసు ఒక్కో అద్దం కాబట్టి ఒక్కొక్కటి గదిలో ఒక్కో చోటును చూపిస్తుంది. నాలుగు కాసులు తెల్లగా మండిపోతాయి, పక్కనే రెండు బొగ్గులా నల్లబడతాయి. ఇక్కడొక చిన్న లెక్క ఉంది. అద్దం 5 డిగ్రీలు వాలితే దాన్నుంచి తిరిగొచ్చే కిరణం 10 డిగ్రీలు జరుగుతుంది, అంటే రెట్టింపు. కాసులు అటూ ఇటూ 10 డిగ్రీల వరకు వాలాయనుకుందాం. కిరణాలు అటూ ఇటూ 20 డిగ్రీలు చెల్లాచెదురవుతాయి. దీపం నగకు 50 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, ఆ కిరణాలన్నీ దీపాన్నే చూడాలంటే దీపం వెడల్పు 36 సెంటీమీటర్లయినా ఉండాలి. ఆపైన పేరు సొంత వెడల్పు కూడా కలుపుకోవాలి. పది వాట్ల బల్బయినా వంద వాట్ల బల్బయినా బల్బు బల్బే. అది కాసులో ఒక చుక్కలా కనిపిస్తుంది తప్ప కాసంతా నిండదు. నగకు కావలసింది దీపం బలం కన్నా దీపం వైశాల్యం.

అందుకే నగ ఫోటోగ్రాఫరు కెమెరా సంచీ తెరవకముందే ఒక గది కడతాడు, బల్లమీద పట్టేంత గది. దానికి ఖరీదైన సామాను అక్కర్లేదు. ఒక చెక్క ఫ్రేముకు ట్రేసింగ్ పేపరు బిగించి, దాని వెనక అడుగున్నర దూరంలో దీపం పెడితే, కాగితమంతా వెలిగి అదే పెద్ద దీపమవుతుంది. దీపాన్ని కాగితానికి మరీ దగ్గరగా పెడితే మధ్యలో తెల్లటి గుండ్రం ఏర్పడుతుంది, అదే గుండ్రం కాసు మీదా కనిపిస్తుంది. దీపాన్ని వెనక్కి జరుపుతూ పోతే వెలుగు కాగితమంతా సమంగా పరుచుకుంటుంది. ఈ ఫ్రేమును నగకు పైన, కాస్త వెనక్కి, కెమెరా వైపు వాల్చి నిలబెట్టాలి. ఎదురుగా, పక్కన తెల్లటి థర్మాకోల్ ముక్కలు పెట్టాలి.

ఇంతవరకూ చేశాక చాలామంది ఇంకో అడుగు వేసి పని పాడుచేసుకుంటారు. చుట్టూ తెల్లదనం మంచిదైతే అంతా తెల్లగా ఉంటే ఇంకా మంచిది కదా అని, నగను తెల్లటి గుడ్డ డబ్బాలో పెట్టేస్తారు. 'ఫోటో బాక్స్' పేరుతో ఆన్‌లైన్‌లో అమ్మేది అదే. అందులో పెట్టిన గాజు ప్లాస్టిక్ గాజులా తేలుతుంది. కారణం సులువే. అద్దానికి అన్నివైపులా తెలుపే కనిపిస్తే అది తెల్ల కాగితమై కూర్చుంటుంది. గాజు గుండ్రంగా ఉందని కన్ను పట్టుకునేది దాని మీద వెలుగు ఎక్కడ ఆగి చీకటి ఎక్కడ మొదలైందో ఆ గీతను బట్టి. కాబట్టి నల్ల చార్టును వేలెడు వెడల్పు పీలికలుగా కత్తిరించి, ఫ్రేములో పడకుండా నగకు ఇరుపక్కలా నిలబెట్టాలి. గాజు అంచుల వెంట సన్నని నల్ల గీత పాకుతుంది, బంగారం మళ్ళీ లోహమవుతుంది. నన్నడిగితే ఆ డబ్బా కన్నా స్టేషనరీ షాపులో దొరికే నల్ల చార్టే విలువైన పరికరం.

నకషీ పనికి మాత్రం ఇంకో దీపం కావాలి. దేవతామూర్తులు, నెమళ్ళు, లతలు ఉబ్బెత్తుగా చెక్కిన ఆ పనిని ఎదురు వెలుగులో చూస్తే చదునుగా ఉంటుంది. బల్లకు దాదాపు ఆనించి పక్కనుంచి ఒక చిన్న దీపం వేస్తే, నెమలి మెడ ఒకవైపు వెలిగి రెండోవైపు నీడ పడుతుంది, చెక్కడపు లోతు తెలుస్తుంది. ఆ లోతుల్లో బంగారం మరింత ఎర్రగా, కాషాయానికి దగ్గరగా ఉండటం గమనించండి. అక్కడ మెరుగు తేడా ఏమీ లేదు, అది పూర్తిగా కాంతి లెక్క. బంగారం తన మీద పడ్డ ఎరుపు కాంతిలో నూటికి తొంభై అయిదు పాళ్ళకు పైగా తిప్పి పంపుతుంది, నీలంలో నలభై లోపే పంపుతుంది. గాడి లోపల కిరణం ఒక గోడ నుంచి ఇంకో గోడకు తగిలి, రెండు సార్లు తిరిగి బయటికొస్తుంది. అప్పటికి ఎరుపు ఇంకా తొంభై దాకా మిగులుతుంది, నీలం పదహారు లోపుకు పడిపోతుంది.

అసలు నీలాన్ని ఎందుకు మింగుతుంది? బంగారం పరమాణు కేంద్రకంలో 79 ప్రోటాన్లున్నాయి. అంత బలమైన కేంద్రకానికి దగ్గరగా ఉండే ఎలక్ట్రాన్ల వేగం కాంతి వేగంలో సగాన్ని దాటుతుంది. ఆ వేగం దగ్గర ఐన్‌స్టీన్ సాపేక్షత సిద్ధాంతాన్ని లెక్కలోకి తీసుకోక తప్పదు. దాని ప్రభావంతో పై ఎలక్ట్రాన్ల శక్తి స్థాయిలు కూడా జరిగి, వాటి మధ్య దూరం తగ్గి, నీలి కాంతికి సరిపోతుంది. వెండిలో ఈ మింగడం కంటికి కనబడని అతినీలలోహితంలో జరుగుతుంది, అందుకే వెండి తెల్లగా ఉంటుంది. సాపేక్షతను కళ్ళతో చూడాలనుకునేవారు రోదసిలోకి వెళ్ళక్కర్లేదు, మెడలో గొలుసు చూసుకుంటే చాలు.

కొట్లో నగను చుట్టి ఇచ్చే గులాబీ కాగితం గుర్తుంది కదా. దాని మీద బంగారం నిండుగా కనిపించడం ఉత్త భ్రమ కాదు. కాగితం నుంచి ఎర్రటి వెలుగు నగ అడుగు అంచుల్లోకి ఎక్కుతుంది. ఫోటోకు మెరూన్ పట్టుచీర పరిచినా అదే జరుగుతుంది. నిజమైన రంగు చూపించాలనుకుంటే బూడిద రంగు కాగితమే దిక్కు.

రంగు విషయంలో కెమెరా అబద్ధమాడటం ఈ ఊరికి కొత్త కాదు. లాలా దీన్‌దయాళ్ 1880లలో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టారు. 1844లో మీరట్ దగ్గరి సర్ధానాలో పుట్టి, రూర్కీ కాలేజీలో ఇంజినీరింగ్ చదివి, ఇండోర్‌లో ప్రభుత్వోద్యోగం చేస్తూ ఫోటోగ్రఫీలోకి దిగినవారు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆయన్ను ఆస్థాన ఛాయాచిత్రకారుడిగా నియమించారు, 1894లో రాజా బిరుదునిచ్చారు. ఘోషాలో ఉండే స్త్రీలు నగలు పెట్టుకుని ఫోటో దిగడానికి 1892లో హైదరాబాద్‌లో ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచారు, దాన్ని నడిపింది ఒక ఆంగ్ల మహిళ. ఆయన ఫోటోలు తీసిన గాజు ప్లేట్లలో 2,857 ఇప్పుడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి.

ఆనాటి మామూలు ప్లేట్లకు ఎరుపు, పసుపు కనిపించవు. వెండి బ్రోమైడ్‌కు స్పందన ఉన్నది నీలానికి, ఊదాకు, అతినీలలోహితానికి మాత్రమే. రంగు ద్రవ్యాలు కలిపితే ఆ చూపును కాస్త పెంచవచ్చని జర్మన్ శాస్త్రవేత్త వోగెల్ 1873లో కనిపెట్టినా, అన్ని రంగుల్నీ చూసే ప్లేట్లు బజారుకొచ్చింది 1906లో. దీన్‌దయాళ్ చనిపోయింది 1905లో. అంటే ఆయన ప్లేటు నగను ఎలా చూసేదో ఊహించండి. బంగారం నీలాన్ని మింగేది కాబట్టి ముదురు బూడిదగా పడుతుంది. కెంపు నల్లబడుతుంది. పచ్చ కూడా నలుపువైపే మొగ్గుతుంది. కంటికి ముదురుగా కనిపించే నీలం మాత్రం లేతగా తేలుతుంది. ముత్యం, వజ్రం తెల్లగా వెలుగుతాయి. ఆ కాలపు సంస్థానాధీశుల చిత్రాల్లో ముత్యాల సరాలే ముందుగా కంటికి తగలడంలో సంపదతో పాటు ఈ రసాయనానికీ వాటా ఉంది. పాత ఫోటోను చూసి ఫలానా పతకంలో ఉన్న రాయి కెంపా, పచ్చా అని వాదించుకోవడం దండగ. నిజాం నగల్లో 173 వస్తువులను భారత ప్రభుత్వం 1995లో 218 కోట్ల రూపాయలకు కొన్నది. సాలార్‌జంగ్ మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టినప్పుడు వాటిని చూసినవారికి ఆ రంగులు తెలుసు. నలుపు తెలుపు ప్లేటుకు తెలియవు.

ఆనాటి స్టూడియోకు దీపం సూర్యుడే. ఉత్తరం వైపు గాజు పెట్టి, నేరుగా ఎండ పడకుండా ఆకాశపు మెత్తని వెలుగును లోపలికి రానివ్వడం యూరప్ పద్ధతి. లండన్‌లో మధ్యాహ్న సూర్యుడు ఎప్పుడూ దక్షిణానే ఉంటాడు, అక్కడ ఇది నప్పుతుంది. సికింద్రాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే 9 ప్రాంతంలో, మళ్ళీ ఆగస్టు 3 ప్రాంతంలో సూర్యుడు ఇక్కడ నడినెత్తికొస్తాడు, నిటారు కర్రకు నీడ ఉండదు. ఆ రెండు తేదీల మధ్య మధ్యాహ్న సూర్యుడు మనకు ఉత్తరానే ఉంటాడు. కాబట్టి ఇంట్లో ఉత్తరపు కిటికీ దగ్గర నగ ఫోటో తీసుకుందామనుకునేవారు ఆ మూడు నెలలూ కిటికీకి తెల్లటి పల్చని పంచె కట్టుకోవాలి. మిగతా కాలంలో ఆ కిటికీ ఎంత డబ్బు పోసినా దొరకని దీపం.

కిటికీ ముత్యానికి మరీ బాగా కుదురుతుంది. ముత్యం పూర్తి గుండ్రం కాబట్టి గదినంతా తనలో పట్టుకుంటుంది. ముందున్నవే కాదు, పక్కనున్నవి, కొంతవరకు తన వెనకున్నవి కూడా. ముత్యం మీద ఒక్క మెరుపు ఉండాలి, అదీ కాస్త పైన, ఒక పక్కకు. రెండు దీపాలు వేస్తే రెండు మెరుపులొస్తాయి, ముత్యం పూసలా తేలిపోతుంది. రీల్స్ తీసేవాళ్ళు వాడే రింగ్ లైటు ముత్యాలకు బద్ధశత్రువు. వంద ముత్యాల సరంలో వంద తెల్లటి చక్రాలు కనిపిస్తాయి. ముత్యం కాంతిలో ఉన్న ఆ లేత గులాబీ, ఆ లేత ఆకుపచ్చ దాని పొరల్లోంచి వస్తాయి. అర మైక్రాను మందాన అరగొనైట్ పలకలు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉంటాయి, వాటిమీంచి తిరిగొచ్చే కాంతి తరంగాలు ఒకదానితో ఒకటి కలిసి కొన్ని రంగుల్ని పెంచి కొన్నిటిని తుడిచేస్తాయి. సర్ సి.వి. రామన్ 1930లలో మెరిసే ఆల్చిప్పల మీద, 1950లలో ముత్యాల మీద దీన్నే పరిశోధించారు. పొరల్లోకి వెళ్ళి తిరిగొచ్చే ఈ మంద్రమైన వెలుగును పైపొర మీది మెరుపు కప్పేస్తుంది, అందుకే ఆ మెరుపు చిన్నదిగా, ఒక్కటిగా ఉండాలి.

వజ్రం అచ్చంగా దీనికి వ్యతిరేకం. దాని వక్రీభవన గుణకం 2.42. లోపలికి వెళ్ళిన కిరణం 24.4 డిగ్రీల కన్నా ఎక్కువ వాలుగా ముఖానికి తగిలితే బయటికి రాలేదు, లోపలే తిరిగి చివరికి పైనుంచి వెలువడుతుంది, వెలువడుతూ రంగులుగా విడిపోతుంది. 1919లో టోల్కోవ్‌స్కీ వజ్రాన్ని ఏ కోణాల్లో కోస్తే ఈ ఆట బాగా పండుతుందో లెక్క కట్టాడు. ఆ రంగులు విడివడి కనబడాలంటే దీపం చుక్కలా ఉండాలి. పెద్ద దీపం వేస్తే ఒక చోటి ఎరుపు మీద ఇంకో చోటి నీలం పడి అంతా తెల్లబడుతుంది. బంగారానికి వేసిన ట్రేసింగ్ పేపరు వెలుగులో వజ్రపుటుంగరం గాజురాయిలా ఉండటానికి కారణం ఇదే. కాబట్టి పెద్ద దీపాన్ని అలాగే ఉంచి, దూరం నుంచి ఒక చిన్న టార్చి కూడా వేయాలి. పోల్కీ, కుందన్ పని ఇంకో దారి. అక్కడ చదునైన రాయి వెనక రేకు ఉంటుంది, వెలుగు తిప్పికొట్టేది ఆ రేకే. టార్చిని అటూ ఇటూ కదుపుతూ రాయి ఒక్కసారిగా వెలిగే కోణం దొరకగానే ఆపేయాలి.

గుట్టపూసల హారంలో ఇవన్నీ ఒకే చోట చేరతాయి. నకషీ పతకం, మధ్యలో కెంపులు, పచ్చలు, అంచున గుత్తులు గుత్తులుగా చిరుముత్యాలు. బంగారం వెడల్పాటి దీపం అడుగుతుంది, ముత్యం ఒకే ఒక్కటి అంటుంది, రాళ్ళు చుక్క దీపం కోరతాయి. అన్నిటినీ ఒకే క్లిక్కుతో మెప్పించలేం. కెమెరాను ట్రైపాడ్ మీద కదలకుండా ఉంచి, దీపం మార్చి మార్చి మూడు నాలుగు ఫోటోలు తీసి, కంప్యూటర్లో ఒక్కటిగా కలపడమే వృత్తివాళ్ళు చేసేది. ఇది మోసం కాదంటాను. చేతిలో పట్టుకుని హారాన్ని అటూ ఇటూ తిప్పి చూసే మనిషి కూడా అదే చేస్తాడు, కన్ను నాలుగు కోణాల మెరుపుల్ని కలిపి ఒక్క హారంగా గుర్తుపెట్టుకుంటుంది.

కెంపుల దగ్గర దీపం నాణ్యతను పట్టించుకోక తప్పదు. మామూలు ఎల్ఈడీలో ఉండేది నీలి చిప్పు, దాని మీద పసుపుపచ్చ పూత. ముదురు ఎరుపు ఆ వెలుగులో తక్కువ. దీపమే ఇవ్వని ఎరుపును కెంపు ఎక్కణ్ణుంచి తెస్తుంది? ఇటుకరంగుకు దిగిపోతుంది. రంగులు ఎంత సరిగ్గా కనిపిస్తాయో చెబుతూ అట్టపెట్టె మీద రాసే సీఆర్ఐ అంకె ఎనిమిది లేత రంగుల సగటు, అందులో ముదురు ఎరుపు లేదు. దానికి ఆర్9 అని విడిగా అంకె ఉంటుంది, కొనేముందు అది అడగండి. అన్నట్టు, కెంపులోని క్రోమియం ఆకుపచ్చను, ఊదాను మింగి 694 నానోమీటర్ల దగ్గర ఎర్రగా వెలుగుతుంది కూడా. 1960లో మైమన్ చేసిన మొట్టమొదటి లేజర్ ఆ వెలుగుతోనే పనిచేసింది.

కొట్లో ఇంకో చిక్కు. బంగారం కౌంటరు మీద పసుపు దీపాలు, వజ్రాల కౌంటరు మీద తెల్లవి. రెండూ కలిసి పడ్డ చోట ఏ కెమెరా కూడా రంగు సరిచేయలేదు. ఫోటో తీసే పది నిమిషాలు పైదీపాలు ఆర్పేయడమే మందు. చౌక ఎల్ఈడీలు మన 50 హెర్ట్జ్ కరెంటుతో సెకనుకు వందసార్లు మిణుకుతాయి, వీడియోలో అడ్డ చారలుగా అదే కనబడుతుంది. షట్టర్‌ను సెకనులో యాభయ్యోవంతుకో వందోవంతుకో కట్టేస్తే చారలు పోతాయి.

కెమెరా గురించి ఇంతసేపూ మాట్లాడకపోవడానికి కారణం, అది ఆఖరి సంగతి కావడమే. మ్యాక్రో లెన్సుతో ఉంగరాన్ని అసలు సైజులో సెన్సరు మీద పడేలా తీస్తే, లెన్సు ద్వారం ఎఫ్ 8 దగ్గర ఉన్నప్పుడు స్పష్టంగా ఉండే లోతు సుమారు ఒక మిల్లీమీటరు. రాయి స్పష్టంగా ఉంటే కట్టు మసకబారుతుంది. ద్వారం ఇంకా చిన్నది చేస్తే లోతు కాస్త పెరుగుతుంది, కానీ సందులోంచి దూరిన కాంతి చెదిరి మొత్తం బొమ్మే మెత్తబడుతుంది. ఫోకస్‌ను రవ్వంత రవ్వంత జరుపుతూ పాతిక ఫోటోలు తీసి కలపడం తప్ప దారి లేదు. సెన్సరు చిన్నది కాబట్టి ఫోన్‌కు ఈ బాధ తక్కువ. అయితే ఫోన్‌ను నగకు ఆనించేంత దగ్గరగా పెడితే దాని నల్లటి నీడే పతకం నడుమ కూర్చుంటుంది. అడుగున్నర వెనక్కి జరిగి, రెండు మూడు రెట్ల జూమ్ లెన్సుతో తీయండి. పోలరైజర్ కొనమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. గాజు మీద, నీటి మీద పనిచేసినట్టు అది లోహపు మెరుపు మీద పనిచేయదు.

అమ్మకం మాట పక్కన పెడితే, ప్రతి ఇంటికీ నగ ఫోటోల అవసరం ఒకటుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగ మీద ఆరు అక్షరాలు, అంకెల గుర్తింపు సంఖ్య హెచ్‌యూఐడీ లేకుండా అమ్మకూడదు. లేజర్‌తో చెక్కిన ఆ గుర్తు కంటికి సరిగ్గా ఆనదు. నగ కింద నల్ల కాగితం వేసి, పక్కనుంచి బాగా వాలుగా టార్చి వేస్తే నున్నటి బంగారం ఆ వెలుగును అవతలికి పంపేసి నల్లబడుతుంది, చెక్కిన అక్షరాలు మాత్రం చెదరగొట్టి తెల్లగా లేస్తాయి. లాకర్లో పెట్టేముందు ప్రతి నగకూ ముందు వైపు, వెనక వైపు, కొక్కెం, హెచ్‌యూఐడీ, పక్కన స్కేలు పెట్టి ఒక్కో ఫోటో తీసి, బిల్లుతో పాటు రెండు చోట్ల దాచుకోండి. నగ పోయిందని స్టేషనుకో, బీమా కంపెనీకో వెళ్ళాల్సి వస్తే, పెళ్ళి ఆల్బమ్‌లోని ఫోటో కన్నా ఇవే పనికొస్తాయి.